‘ప్రోతం’ అంటే గుచ్చడమా, నేయడమా?

ఇందిరానగర్ వాసి: మన బెంగళూరు తెలుగువాళ్ల గోడపత్రికకు ఈసారి విషయం గెలాక్సీల ఫిలమెంట్లు, అంటే గెలాక్సీలు గుమిగూడి విశ్వంలో దారాల్లా సాగిన బారులు. పైన ఒక పాత వాక్యం పెడదామని ఉంది. నక్షత్రలోకాలు దేనిలో ఓతప్రోతాలై (పడుగూ పేకల్లా, అంటే నిలువు, అడ్డ దారాల్లా అల్లుకుని) ఉన్నాయని ఉపనిషత్తులో గార్గి అడిగే చోటు కోసం వెతుకుతుంటే, నోటికి మాత్రం ‘ప్రోతం సూత్రే మణిగణా ఇవ’ (దారంలో మణుల్లా ప్రోతం) అనే వస్తోంది. రెండూ ఒకచోటివేనా? ఫిలమెంటుకు ఏది నప్పుతుంది?

పడుగూపేకా: వేరువేరండీ. గార్గి ప్రశ్న బృహదారణ్యకం 3.6. మణులు గీత 7.7. గార్గి ప్రతి మెట్టులోనూ ‘ఓతాశ్చ ప్రోతాశ్చ’ అని జంటగానే అడుగుతుంది. గీతలో ఓతం లేదు, ఒక్క ప్రోతమే. చర్చంతా ఆ ‘ఓ’ మీదే జరగాలి. నేతకు పడుగూ పేకా రెండూ కావాలి, దండకు ఒక్క దారం చాలు. గీతలోది గుచ్చడమే.

మల్లేశ్వరం మాస్టారు: అంత తేలిగ్గా తేల్చకండి. రెండూ ‘వేఞ్’ (నేయు) ధాతువువే: ఆ+ఉత, ప్ర+ఉత. మూలంలో ప్రోతం కూడా నేతే. గీతాభాష్యంలో శంకరులు ముందు ‘దీర్ఘతంతుషు పటవత్’ అని గుడ్డను చెప్పి, ఆ తర్వాతే ‘సూత్రే చ’ అంటూ మణులకు వచ్చారు. గుడ్డ పోలిక అక్కడికి ఊరికే రాలేదు.

ఆకాశదర్శిని: దండ అంటే నాకు వేరే అభ్యంతరం ఉంది. పూస బెజ్జం దారం వెంట ఉంటుంది, పూస తిరిగితే దారం చుట్టూనే తిరగాలి. గెలాక్సీలన్నీ అలా తిరగవు. ద్రవ్యరాశి తక్కువున్న సర్పిలాల (సుడి ఆకారపు గెలాక్సీల) భ్రమణాక్షం ఫిలమెంటు వెంట ఉండడానికి మొగ్గుతుంది. బరువైన వాటి అక్షం, ముఖ్యంగా దీర్ఘవృత్తాకార గెలాక్సీలది, ఫిలమెంటుకు అడ్డంగా ఉంటుంది. వాటి పొడుగు మాత్రం ఫిలమెంటు వెంట. ఈ మలుపు హేలో (గెలాక్సీని చుట్టి ఉన్న కృష్ణపదార్థపు గోళం) ద్రవ్యరాశి సుమారు లక్ష కోట్ల సూర్యులకు చేరినచోట వస్తుంది, కొన్ని సిమ్యులేషన్లలో దానికి కొన్ని రెట్లు పైన.

కారణం పుట్టుకలోనే ఉంది. పదార్థం మొదట పేరుకునే పొరల్లోంచి ఫిలమెంటులోకి దిగేది సుడి తిరుగుతూ దిగుతుంది, ఆ సుడికి అక్షం ఫిలమెంటే. చిన్నవి ఆ సుడిలో తిరగడం అందుకుంటాయి. పెద్దవి ఫిలమెంటు వెంట జారివచ్చి ఒకదానిలో ఒకటి కలిసినవి. అలా కలిసినవాటి కక్ష్యల కోణీయ ద్రవ్యవేగం ఫిలమెంటుకు అడ్డంగా మిగులుతుంది. కాబట్టి మణిగణం పోలిక చిన్న మణులకే చెల్లుతుంది.

కొలబద్ద: ‘మొగ్గు’ అన్న మాటను పత్రికలో వదలకండి, చాలామంది ‘అన్నీ బారులు తీరాయి’ అని రాసేస్తారు. అక్షానికీ ఫిలమెంటుకూ మధ్య కోణం తీసుకుని దాని కొసైన్ సగటు కడితే, ఏ పొందికా లేనప్పుడు 0.5 వస్తుంది. ఆకాశంలో కొలిచింది అక్కణ్ణుంచి కాస్తే జరుగుతుంది. వేల గెలాక్సీలు పోగేస్తే గాని ఆ కాస్తా తేలదు.

కొలతలో దెబ్బతినే చోట్లు రెండు. సర్పిలం బిళ్ల ఎంత వాలిందో బొమ్మలోని పొట్టి, పొడుగుల నిష్పత్తి నుంచి తీస్తారు, బిళ్ల మందాన్ని 0.2 దాకా అనుకుని సవరిస్తారు. ఆ లెక్క వాలు ఎంతో చెబుతుంది గాని, ఏ అంచు మనకు దగ్గరో చెప్పదు. దాంతో ఒకే బొమ్మకు రెండు అక్షాలు వస్తాయి. గెలాక్సీ ముఖమంతటా వర్ణపటం తీసి, ఏ వైపు మన దిక్కుగా వస్తోందో, ఏ వైపు దూరమవుతోందో చూసి, దుమ్ము చారలు ఏ అంచున ముదురుగా ఉన్నాయో దానికి జోడిస్తే ఆ సందేహం తీరుతుంది.

రెండోది దూరం. దూరాన్ని ఎరుపు జరుగుదల (దూరమవుతున్న గెలాక్సీ కాంతి ఎరుపు వైపు జరగడం) నుంచే తీస్తాం, అందులో గెలాక్సీ సొంత వేగమూ కలిసిపోతుంది. గుచ్ఛంలో (గెలాక్సీల గుంపులో) గెలాక్సీలు సెకనుకు 1000 కిలోమీటర్ల చొప్పున అటూ ఇటూ పరిగెడుతుంటే, పటంలో ఆ గుచ్ఛం మన చూపు దిక్కున ముందుకూ వెనక్కూ చెరో దాదాపు 4.6 కోట్ల కాంతి సంవత్సరాలు సాగిపోతుంది. దాన్ని నొక్కి సరిచేయకుండా ఫిలమెంట్లు వెతికితే, లేని దారాలు దొరుకుతాయి, అన్నీ మనవైపే చూస్తూ.

పడుగూపేకా: అయితే నేతే మేలన్నమాట. 1996లో బాండ్, కోఫ్‌మన్, పొగోస్యాన్ ‘నేచర్’లో రాసిన వ్యాసం శీర్షికలోనే నేత ఉంది. ఓతం పడుగు, ప్రోతం పేక. దొడ్డబళ్ళాపురం మగ్గం దగ్గర ఎవరినడిగినా ముందు పడుగంటారు, తర్వాత పేకంటారు.

మల్లేశ్వరం మాస్టారు: శంకరుల బృహదారణ్యక భాష్యం మళ్ళీ తిరగేయండి. ఓతం పొడుగు దారాలు, ప్రోతం అడ్డదారాలు అని చెప్పి, వెంటనే ‘విపరీతం వా’ అన్నారు. తిరగేసి చెప్పుకున్నా సరేనని ఆయనే వదిలారు.

ఆకాశదర్శిని: మగ్గం దగ్గర ఇంకో తేడా ఉంది. అక్కడ దారం ముందు, గుడ్డ తర్వాత. విశ్వంలో వరస తలకిందులు. భౌతికశాస్త్రవేత్త జెల్దోవిచ్ 1970లో చూపినట్టు, పదార్థం మొదట ఒక దిక్కున కుంగి పొర అవుతుంది. రెండో దిక్కునా కుంగితే ఫిలమెంటు, మూడో దిక్కున కూడా కుంగితే ముడి, అంటే గుచ్ఛం. గుడ్డలోంచి దారం, దారంలోంచి ముడి. పడుగు, పేక అని రెండు జాతుల దారాలు అక్కడ లేవు.

జయనగర్ పద్యం: గార్గినీ గీతనూ పక్కనపెట్టి పోతన దగ్గరికి రండి. ‘లోకంబులు లోకేశులు లోకస్థులుఁ దెగినఁ దుది నలోకంబగు పెంజీఁకటి కవ్వల...’ ఫిలమెంట్ల నడుమ పరుచుకున్న ఖాళీలకు ఇంతకంటే మాట ఏముంది? పెంజీకటి! ‘పెం’ రెండో పాదం చివర ఆగుతుంది, ‘జీఁకటి’ మూడో పాదంలో తెరుచుకుంటుంది. చీకటి పాదం దాటి పరుచుకోవడం చెవికి తెలుస్తుంది. అక్కడ ‘అలోకం’ (లోకమే లేనిది) బదులు ‘ఆలోకం’ (వెలుగు) అని పాఠం తీసుకుంటే, వెలుగు కూడా కలిసివస్తుంది.

మల్లేశ్వరం మాస్టారు: కుదరదు. అది కందం. ఆరో గణం నలమో (నాలుగు లఘువులు) జగణమో (లఘువు, గురువు, లఘువు) అయి తీరాలి. ‘నఁదుదిన’ నలం. ‘నా’ అని దీర్ఘం తీస్తే ఐదు మాత్రలై గణం చెడుతుంది. అలోకమే.

కొలబద్ద: అర్థానికొస్తే అలోకం కూడా పట్టదు. ఆ ఖాళీల్లో పదార్థం సగటు సాంద్రతలో పదోవంతు, ఐదోవంతు దాకా ఉంటుంది, చిన్న గెలాక్సీలూ ఉంటాయి. సిమ్యులేషన్ లెక్కల్లో ఖాళీలు ఘనపరిమాణంలో నూటికి 77 పాళ్ళు, ద్రవ్యరాశిలో 15. ఫిలమెంట్లు చోటులో 6 పాళ్ళే, ద్రవ్యరాశిలో మాత్రం సగం.

ఆకాశదర్శిని: దారం అన్న మాట నిలబడేది ఇంకోచోట. 2025లో మీర్‌క్యాట్ రేడియో టెలిస్కోపుతో చూసిన ఒక ఫిలమెంటు మొత్తంగా తిరుగుతోంది. అందులో హైడ్రోజన్ నిండిన 14 గెలాక్సీలు 55 లక్షల కాంతి సంవత్సరాల పొడుగున సన్నని బారుగా ఉన్నాయి. ఫిలమెంటు వెన్నుకు (నడిమి గీతకు) ఒక పక్కవి మనవైపు, రెండో పక్కవి అవతలికి, వేగం సెకనుకు 110 కిలోమీటర్ల దాకా. దారానికి పురి ఉందన్నమాట. చాలా గెలాక్సీల సొంత తిరుగుడు కూడా ఆ పురి వైపే. బొమ్మ గీయించేటప్పుడు చిన్నవాటి అక్షాలు దారం వెంట, పెద్దవాటివి అడ్డంగా వేయించండి, అక్కడక్కడా తప్పేవీ కొన్ని ఉంచండి.

పడుగూపేకా: పురి వడికేటప్పుడు పడుతుంది, నేసేటప్పుడు కాదు. అంటే మీరు ఓతానికీ ప్రోతానికీ ముందున్న పనికి వెళ్ళారు. నా మాట మాత్రం మారదు: గీతలో ఆ ‘ఓ’ లేదు.

మల్లేశ్వరం మాస్టారు: ‘ప్ర’ ఉందిగా. ధాతువు అదే.

జయనగర్ పద్యం: పోతన పద్యమే పెట్టేట్టయితే ‘పెంజీకటికవ్వల’ అని కలిపి వేయించండి. విడగొడితే ‘కవ్వల’ ఏదో కొత్త మాటనుకుని చదువుతున్నారు. అది చీకటికి అవ్వల.