అప్‌డేట్: మీరు చెప్పినవి చూసేశాను

రాత్రిపూట చూడ్డానికి మంచి సైన్స్ ఫిక్షన్, హారర్ సినిమాలు చెప్పమని పోయిన వారం అడిగాను కదా. ముందు 'ఏలియన్' (1979) పెట్టాను. అందులో భోజనాల సీను గురించి ఒక్కరైనా ముందే చెప్పాల్సిందండీ! చేతిలో పెరుగన్నం గిన్నె అలాగే ఉండిపోయింది.

నాకు బాగా పట్టేసింది మాత్రం జాన్ కార్పెంటర్ తీసిన 'ది థింగ్' (1982). అంటార్కిటికాలో మంచు, పదిమంది పైచిలుకు మగాళ్లు, మనిషి రూపంలోకి మారిపోయే ఒక గ్రహాంతర జీవి, ఎవరు మనిషో ఎవరు కాదో తెలీదు. అది తేల్చడానికి కాల్చిన వైరును ఒక్కొక్కరి రక్తంలో ముంచే సీనులో టెన్షన్ తట్టుకోలేక పాజ్ చేసి మంచినీళ్లు తాగొచ్చాను. ఆ జీవి రూపాలు గ్రాఫిక్స్ కాదు, చేత్తో చేసిన బొమ్మలట. అందుకేనేమో ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ముగింపు మీద మా తమ్ముడితో ఇంకా గొడవే.

'మసూద' సగంలో ఉంది. అది మాత్రం పగలే చూస్తా.