అప్‌డేట్: మార్చి ఫైళ్లు మాత్రమే విడదీయడం కుదిరింది

లినక్స్ సర్వర్‌లో 2024 మార్చిలో మారిన ఫైళ్లను మాత్రమే ఎంచి వేరే డిస్కుకి పంపడం ఎలా అని అడిగాను కదా, పని అయిపోయింది. సాయం చేసినవాళ్లందరికీ చాలా థ్యాంక్స్.

ఎక్కువమంది ఫైళ్లను వెతికే ఫైండ్ (find) కమాండ్‌లో ఎంటైమ్ (-mtime, అంటే ఫైల్ మారి ఎన్ని రోజులైందో చూసే ఆప్షన్) వాడమన్నారు. మంచి ఆప్షనే, కానీ అది ఇప్పటి నుంచి వెనక్కి లెక్కేస్తుంది. పైగా 24 గంటల ముక్కలుగా లెక్కేసి మిగిలిన గంటల్ని వదిలేస్తుంది. అందుకే ప్లస్ 7 అని ఇస్తే ఏడున్నర రోజుల ఫైల్ రాదు, ఎనిమిది రోజులు నిండాలి. పాత లాగ్‌లు తుడవడానికి ఇది చాలు, నెల హద్దులకు మాత్రం పనికిరాదు.

నాకు పనికొచ్చింది ఫైండ్‌లోనే ఉన్న న్యూయర్‌ఎంటీ (-newermt), అంటే ఇచ్చిన తేదీ తర్వాత మారిన ఫైళ్లను తెచ్చే ఆప్షన్. దానికి 2024-03-01 ఇచ్చి, తర్వాత ఆశ్చర్యార్థకం (!, అంటే 'ఇవి కాకుండా') పెట్టి మళ్లీ అదే ఆప్షన్‌కి 2024-04-01 ఇచ్చాను. మొదటిది మార్చి 1 తర్వాత మారినవి తెస్తుంది, రెండోది ఏప్రిల్ 1 తర్వాతవి తీసేస్తుంది.

ఇక్కడ ఒక్కటి తప్పకుండా చూసుకోండి. ఉత్త తేదీ ఇస్తే అర్ధరాత్రి 00:00 అని అర్థం, అదీ సర్వర్ టైమ్‌జోన్‌లో. మా సర్వర్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంది, అంటే మన టైమ్‌కి ఐదున్నర గంటల తేడా. కమాండ్ ముందు టైమ్‌జోన్ చెప్పే టీజెడ్ (TZ) వేరియబుల్‌కి ఏషియా/కోల్‌కతా ఇచ్చాక మన మార్చి సరిగ్గా వచ్చింది.

పేర్లలో స్పేస్‌లు ఉన్నాయి కాబట్టి ఫైండ్‌లో ప్రింట్0 (-print0, పేర్ల మధ్య నల్ అక్షరం పెట్టేది) వాడి జాబితాని ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్ (rsync) కమాండ్‌కి అందించాను, అటువైపు ఆ నల్‌ని గుర్తించే ఫ్రమ్0 (--from0) పెట్టి. ఆర్‌సింక్‌కి ఆప్షన్ 'ఏ' (-a) ఇవ్వడం వల్ల కాపీల్లోనూ పాత తేదీలే ఉన్నాయి.