పొలంబడా, ఒకరోజు శిక్షణా? రెండూ చూసినవారు చెప్పండి

వరిచేను:
ఈ ఖరీఫ్‌కు మా ఊళ్లో పొలంబడి, అంటే రైతులు చేలోనే చూసి నేర్చుకునే బడి, పెట్టమని అడగాలనుకుంటున్నాం. పెద్దలు మాత్రం "వారం వారం చేలో ఎవరు నిలబడతారు, పట్నంలో ఒకరోజు శిక్షణ చాలు" అంటున్నారు. మీ అనుభవం ఏమిటి?

గట్టుమీద:
రెండింటికీ వెళ్లాను. హాలులో వరి రసం పీల్చే సుడిదోమ బొమ్మను తెరమీద పెద్దదిగా చూపించారు. ఇంటికొచ్చి చేలో వెతికితే ఒక్కటీ కనబడలేదు, ఎందుకంటే నేను ఆకులమీద వెతికాను. అది దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైన ఉంటుంది. పొలంబడిలో ఐదుగురం ఒక జట్టు. దుబ్బును వంచి తట్టి, నీళ్లమీద పడ్డవాటిని లెక్కపెట్టేవాళ్లం. తర్వాత చార్టు మధ్యలో వరి మొక్క, ఒకవైపు శత్రుపురుగులు, మరోవైపు వాటిని తినే సాలీళ్లు, మిరిడ్ నల్లులు గీసి, మందు కొట్టాలా వద్దా అని వాదించుకునేవాళ్లం. మా వాదన తేలేదాకా అధికారి నోరు విప్పేవారు కాదు. అందుకే నేర్చుకున్నది నిలిచింది.

విస్తరణ_ఉద్యోగి:
ఈ పద్ధతి పుట్టిందే సుడిదోమ వల్ల. ఇండోనేషియాలో విచ్చలవిడిగా మందులు కొట్టడంతో మిత్రపురుగులు చచ్చి దోమ ఇంకా పెరిగింది. 1986లో అక్కడి ప్రభుత్వం వరిమీద 57 రకాల పురుగుమందులను నిషేధించింది. నిషేధిస్తే సరిపోదు, రైతుకు నమ్మకం కుదరాలి. 1989లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో అక్కడ పొలంబడులు మొదలయ్యాయి. పిలకల దశలో కొన్ని దుబ్బుల ఆకులను కత్తెరతో పావువంతు కత్తిరించి వదిలేయమనండి. అవి మళ్లీ ఎలా కోలుకుంటాయో కళ్లారా చూసిన రైతు, ఆకుచుట్టు పురుగు కనబడగానే దుకాణానికి పరుగెత్తడు.

వ్యవసాయ_విద్యార్థిని:
తరగతి గదిని అంత తేలిగ్గా తీసిపారేయకండి. నాటిన మూడు నాలుగు వారాలకు ఆకులమీద తుప్పురంగు మచ్చలు వస్తే మా ఊరివాళ్లు తెగులనుకుని మందు కొట్టేవారు. అది జింకు లోపం. లీటరు నీటికి 2 గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి పిచికారీ చేయాలి. నేల రసాయనం తెలియకుండా ఎంతసేపు చేలో నిలబడినా ఈ సంగతి బోధపడదు. ఒక పూట నల్లబల్ల పాఠం కూడా పెట్టించుకోండి.

కౌలురైతు:
నేను చెప్పేది సమయం గురించి. మా దగ్గర పొద్దున్నే పెట్టారు, కలుపు కూలికి వెళ్లే ఆడవాళ్లు ఒక్కరూ రాలేకపోయారు. చేనులో దుబ్బు దుబ్బునూ దగ్గరగా చూసేది వాళ్లే కదా! వాళ్లు లేని పొలంబడి సగం బడే. కూలి పోకుండా చూడండి, లేదా పనిలేని రోజున పెట్టండి.

వరిచేను:
కూలీల సంగతి మాకు తట్టనే లేదు. పంచాయతీలో ముందు ఇదే మాట్లాడతాం. చార్టుల ఖర్చు ఎవరు పెట్టుకున్నారు?

గట్టుమీద:
ఖర్చెందుకండీ, పాత క్యాలెండర్ల వెనకవైపు గీశాం. రంగు పెన్సిళ్లు మా పిల్లలవి.