ఊరింపా, పొడుపా? టీజర్ ప్రకటనకు తెలుగు మాట

ప్రశ్న

సభ్యులకు నమస్కారం. వస్తువు పేరూ రూపమూ దాచిపెట్టి, "వస్తోంది, ఏమిటో ఊహించండి" అంటూ రోజుల తరబడి నడిపే టీజర్ ప్రకటనల మీద ఒక వ్యాసం రాస్తున్నాను. తెర తీశాక జనం నిరాశపడిన సందర్భాలన్నిటికీ "కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు" అన్న సామెత వాడాను. అది అతుకుతుందా? టీజర్‌ను "ఊరింపు ప్రకటన" అనవచ్చా?

స్పందన

నిరభ్యంతరంగా అనవచ్చు. సామెత కూడా సరిగ్గా సరిపోయింది.

మరో స్పందన

నాకు రెండింటి మీదా అభ్యంతరం ఉందండీ. కాస్త వివరంగా చెప్తాను.

ముందు సామెత సంగతి. కొండను తవ్వేవాడూ ఎలుకను పట్టేవాడూ ఒక్కడే. శ్రమా అతనిదే, నిరాశా అతనిదే. టీజర్‌లో తవ్వేది చూసేవాళ్లు. లోపల ఏముందో ప్రకటన ఇచ్చినవాడికి మొదటి రోజే తెలుసు, తెలిసే తవ్విస్తాడు. మీ సామెత ఆ తేడాను చెరిపేస్తుంది, తవ్వించినవాడిని కూడా కష్టపడి నష్టపోయినవాడిగా చూపిస్తుంది. ఇలాంటి చోట "అరచేతిలో వైకుంఠం చూపించడం" అనాలి. అందులో చూపినవాడు వేరు, నమ్మినవాడు వేరు.

ఫోర్డ్ సంస్థ ఎడ్సెల్ కారునే తీసుకోండి. 1957లో నెలల తరబడి ప్రకటనలు వచ్చాయి. వాటిలో కారు ముసుగు కిందో, మసకగానో కనిపించేది తప్ప పూర్తిగా కనిపించేది కాదు. ఇంతకు ముందెన్నడూ లేనిదేదో రాబోతోందన్న ఆశ కలిగించారు. సెప్టెంబర్ 4న తెర తీశారు. జనం షోరూములకు పోటెత్తి, చూసి, వెళ్లిపోయారు. మొదటి మోడల్ ఏడాదిలో అమెరికాలో అమ్ముడైనవి సుమారు 63 వేలు. 1959 నవంబర్‌లో తయారీయే ఆపేశారు. ఆ సమయంలో ఆర్థిక మాంద్యం ఉందన్నది నిజమే, నిందంతా ప్రకటనల మీద వేయడం న్యాయం కాదు. కానీ ముందుగా వైకుంఠం చూపించకపోయి ఉంటే జనం దాన్ని మరో కొత్త కారుగా చూసి, నచ్చితే కొనేవారు, లేకపోతే మానేవారు. అది నవ్వులపాలు అయ్యేది కాదు.

ఇక "ఊరింపు". మంచి మాట, నాకూ ఇష్టమే. అయితే ఊరించాలంటే ఎదుటివాడికి అది ఏమిటో తెలిసి ఉండాలి. ఎరుగని రుచికి నోరు ఊరదు. ఏమిటో తెలియకుండా దాచి అడగడానికి మనకు వేరే మాట ఉంది, పొడుపు. టీజర్లలో ఈ రెండు జాతులూ ఉన్నాయి. తెర తీసినప్పుడు జరిగేది కూడా జాతిని బట్టే ఉంటుంది.

అదే ఫోర్డ్ 1927 మే నెలలో మోడల్ టి తయారీని ఆపింది. అప్పటికి కోటీ యాభై లక్షల కార్లు తయారయ్యాయి. కొత్త కారు వస్తోందని అందరికీ తెలుసు, ఎలా ఉంటుందో మాత్రం తెలియదు. డిసెంబర్ 2న మోడల్ ఎ ని చూపించేదాకా ఆ ఆత్రం పెరుగుతూనే పోయింది. అది అచ్చమైన ఊరింపు. అవసరం ముందే ఉంది, ఆలస్యం దానికి పదును పెట్టింది, కారు ఆ అవసరం తీర్చింది. ముప్పై ఏళ్ల తర్వాత అదే సంస్థ ఎవరూ ఎదురుచూడని వస్తువుకు అదే పద్ధతి వాడి దెబ్బతింది.

పొడుపుకు నియమాలు ఇంకా కఠినం. మన పాతవాళ్లు ఇలాంటి పద్యాలను అంతర్లాపిక, బహిర్లాపిక అని రెండుగా విడదీశారు. మొదటిదానిలో జవాబు పద్యంలోనే దాగి ఉంటుంది, రెండోదానిలో బయటి నుంచి తెచ్చుకోవాలి. చాలామంది బడిలోనే విన్న శ్లోకం ఇది:

సీమంతినీషు కా శాంతా
రాజా కోఽభూద్గుణోత్తమః
విద్వద్భిః కా సదా వంద్యా
అత్రైవోక్తం న బుధ్యతే

స్త్రీలలో శాంతమూర్తి ఎవరు? గుణాలలో మేటి అయిన రాజు ఎవరు? పండితులు ఎప్పుడూ నమస్కరించేది దేనికి? ఒక్కో పాదంలో మొదటి అక్షరాన్నీ చివరి అక్షరాన్నీ కలపండి: సీతా, రామః, విద్యా. "ఇక్కడే చెప్పాను, తెలియడం లేదు" అంటుంది నాలుగో పాదం. జవాబు తెలిశాక ఎవరికీ మోసపోయామని అనిపించదు. మళ్లీ మొదటికి వెళ్లి అక్షరాలు చూసుకుని సంతోషిస్తాం. తెర తీయడమంటే ఇదీ!

ప్రకటనల్లో దీనికి దీటైనది ఫ్రాన్స్‌లో 1981లో వచ్చింది. పోస్టర్ మీద ఈత దుస్తుల్లో ఒక యువతి. "సెప్టెంబర్ 2న పైది తీసేస్తాను" అని రాసి ఉంది. ఆ రోజు రానే వచ్చింది, అన్నట్టే చేసింది, "సెప్టెంబర్ 4న కిందిది" అంది. 4న ఆమె వెనక్కి తిరిగి నిలబడి ఉంది, పక్కన అసలు వాక్యం: "అవెనీర్, మాట నిలబెట్టుకునే పోస్టర్ల సంస్థ." చెప్పిన తేదీకి ఊరూరా పోస్టర్ మార్చగలమని నిరూపించడమే ఆ సంస్థకు కావలసింది. ఆ నిరూపణ పోస్టర్లలోనే జరిగిపోయింది. స్త్రీ శరీరాన్ని ఎరగా వాడిన తీరు నాకు నచ్చదు, అప్పట్లోనే విమర్శలూ వచ్చాయి. కానీ నిర్మాణం మాత్రం నిఖార్సైన అంతర్లాపిక.

ప్రశ్న అడిగినవారు

కళ్లు తెరిపించారు, ధన్యవాదాలండీ. అయితే బహిర్లాపికలన్నీ విఫలమవుతాయంటారా? 2018లో పాన్‌కేకులకు పేరుపడ్డ అమెరికా సంస్థ ఐహాప్, తన పేరు చివరి "పి"ని తలకిందులు చేసి "బి"గా మార్చి, అదేమిటో చెప్పుకోండి అంది కదా. లోకమంతా మాట్లాడుకుంది.

జవాబు

మాట్లాడుకుంది, నిజమే. ఆ సంస్థకు కావలసిన ప్రచారం దొరికింది. పొడుపుగా మాత్రం అది నాసిరకమని నా అభిప్రాయం. "బి"తో మొదలయ్యే మాటలు వందలు. చాలామంది బ్రేక్‌ఫాస్ట్ అనుకున్నారు, సంస్థ బర్గర్ అంది. రెండో జవాబు మొదటిదానికంటే ఎందుకు సరైనదో ప్రశ్నలో ఎక్కడా లేదు. బహిర్లాపికలో జవాబు బయట ఉన్నా, విన్నాక "ఇది తప్ప మరొకటి కాదు" అనిపించాలి. కుతూహలం మీద అమెరికా ఆర్థికవేత్త జార్జ్ లోవెన్‌స్టైన్ 1994లో చెప్పిన సిద్ధాంతం కూడా దీనికి దగ్గరదే: కొంత తెలిసి, మిగిలిన ఖాళీ కనిపించినప్పుడే మనసు ఆగదు. ఆ ఖాళీ ఆకారంలోనే జవాబు ఉండాలి. లేకపోతే ఖాళీ అలాగే మిగిలిపోతుంది.

మీ వ్యాసంలో సెగ్వే ఉంటే, అక్కడ మాత్రం కొండా ఎలుకా సామెతను ఉంచుకోండి. 2001 జనవరిలో ఒక పుస్తక ప్రతిపాదన బయటికి పొక్కి, పేరు కూడా లేని ఆ యంత్రం గురించి పత్రికలు దాదాపు ఏడాది పాటు ఊహాగానాలు రాశాయి. డిసెంబర్ 3న చూస్తే, నిలబడి నడిపే రెండు చక్రాల బండి. 2006లో సంస్థ అప్పటిదాకా అమ్మిన బళ్లన్నిటినీ మరమ్మతుకు వెనక్కి పిలిస్తే, అవి సుమారు 23,500 మాత్రమే. నగరాలను మార్చేస్తుందన్న వాహనానికి అది చిన్న సంఖ్యే. అక్కడ తవ్వకం చాలామటుకు పత్రికలదే, ఎలుకను పట్టుకున్నదీ వాటి చేతులే. సామెత అక్కడ అక్షరాలా సరిపోతుంది. ఎడ్సెల్ పేరాలో మాత్రం దయచేసి మార్చండి.