‘మౌనం అర్ధాంగీకారం’ ఎక్కడ చెల్లుతుంది?

1950ల నాటి అమెరికాలో కమ్యూనిస్టులపై జరిగిన విచారణల గురించి ఒక వ్యాఖ్యలో ఒక మిత్రుడు రాస్తూ, విచారణ జరిపే చట్టసభ కమిటీ ముందు నోరు విప్పనివారిని ఉద్దేశించి ‘మౌనం అర్ధాంగీకారం’ అన్నారు. ఆ సామెత అక్కడ చెల్లదని నా గట్టి అభిప్రాయం.

పెళ్లి సంబంధం గురించి అడిగితే అమ్మాయి తల వంచుకుని ఊరుకుంటుంది, పెద్దలు ‘మౌనం అర్ధాంగీకారం’ అనుకుని ముందుకు సాగుతారు. అడిగింది ఒక కోరిక, రావలసింది సమ్మతి. సామెతలోని అంగీకారం అదే. నిందను మోపి జవాబు చెప్పమన్నప్పుడు ఊరుకోవడం వేరు.

ఆ విచారణలతో పేరుకెక్కిన సెనేటర్ జోసెఫ్ మెకార్థీ సరిగ్గా ఈ తేడానే చెరిపేశాడు. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యమివ్వనవసరం లేదని అమెరికా రాజ్యాంగపు అయిదో సవరణ చెబుతుంది. దాన్ని ఆశ్రయించినవారికి ఆయన ‘ఫిఫ్త్ అమెండ్‌మెంట్ కమ్యూనిస్టులు’ అని పేరు పెట్టాడు. సగం కూడా కాదు, పూర్తి అంగీకారమే అన్నమాట!

‘నువ్వు కమ్యూనిస్టువా?’ అన్న మొదటి ప్రశ్నకే వాళ్లు ఎందుకు మౌనం వహించారో చూడండి. డెన్వర్‌లో జేన్ రోజర్స్ అనే ఆమె తాను కమ్యూనిస్టు పార్టీ కోశాధికారిగా పనిచేశానని గ్రాండ్ జ్యూరీ (నేరం మోపాలో వద్దో తేల్చే పౌరుల బృందం) ముందు చెప్పింది. పార్టీ పుస్తకాలు ఎవరికి అప్పగించావని అడిగితే మాత్రం ఆ పేరు చెప్పనంది. తన గురించి చెప్పేశాక ఇక ఆ రక్షణ వర్తించదని 1951లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అంటే ఒక్క ‘అవును’ తర్వాత స్నేహితుల పేర్లన్నీ చెప్పాలి, లేదా జైలుకు వెళ్లాలి. ఆ మౌనం చాలాసార్లు పక్కవాడిని కాపాడటానికి పాటించినది. దాన్ని నేరం ఒప్పుకోవడంగా చదవడం అన్యాయం.

బ్రూక్లిన్ కాలేజీలో పాఠాలు చెప్పే హ్యారీ స్లోషోవర్ 1952లో సెనేట్ సబ్‌కమిటీతో, 1941 తర్వాతి విషయాలేవైనా చెబుతాను, 1940, 1941 నాటివి మాత్రం అడగవద్దు అన్నాడు. ఆ జవాబుకే ఉద్యోగం పోయింది. ఆ సబ్‌కమిటీకి అధ్యక్షుడు పాట్ మెకారన్, డెమొక్రాట్. మెకార్థీ రిపబ్లికన్. ఈ రోగం ఒక్క పార్టీది కాదు. 1956లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఆ తొలగింపు చెల్లదంది. రాజ్యాంగ హక్కును వాడుకున్నందుకు దురుద్దేశం అంటగట్టడాన్ని తప్పుపట్టింది.

*వ్యాఖ్య:* పత్రికలు ‘నేరాన్ని అంగీకరించాడు’ అని రాస్తాయి కదండీ? అంగీకారం సమ్మతికే పరిమితమని ఎలా అంటారు?

*జవాబు:* నిజమేనండి, ఆ క్రియ రెండు చోట్లా వాడుకలో ఉంది. నా అభ్యంతరం సామెతతో. నిందితుడు మాట్లాడలేదు కాబట్టి సగం నేరం ఒప్పుకున్నట్టే అని మన కోర్టులోనూ అనలేం. నేరారోపణ ఎదుర్కొంటున్నవారిని తమకు వ్యతిరేకంగా సాక్ష్యమివ్వమని నిర్బంధించరాదని మన రాజ్యాంగం 20(3) అధికరణంలో ఉంది. ఇంకొక్క మాట, చాలామంది దీన్ని ‘అర్థాంగీకారం’ అని రాస్తున్నారు. ఇక్కడ ‘అర్ధ’ అంటే సగం కాబట్టి ధకారమే రాయాలి.