సంక్రాంతి సెట్: ప్లైవుడ్ మీద రంగు పగుళ్లు, రిపేరు ప్లాన్

స్టేజీ టీమ్:
అందరికీ నమస్కారం. సంక్రాంతి వేడుక స్టేజీకి వాడే ప్లైవుడ్ సెట్ ప్యానెళ్లు గరాజ్‌లోంచి బయటికి తీశాం. పూరిల్లు, గాలిగోపురం రెండింటి మీదా రంగు పగిలింది. దగ్గరగా చూస్తే పగుళ్లన్నీ చెక్క చార వెంబడే, వెంట్రుకలా సన్నగా పైనుంచి కిందిదాకా ఉన్నాయి. అంటే లోపం రంగుది కాదు, కింద ప్లైవుడ్ పై పొరే చీలుతోంది. దుంగను తిప్పుతూ ఆ పొరను ఒలిచేటప్పుడే అందులో సన్నని చీలికలు పడతాయి. న్యూజెర్సీ ఎండాకాలం ఉక్కకు చెక్క ఉబ్బుతుంది, చలికాలం పొడిగాలికి ముడుచుకుంటుంది. దాంతో ఆ చీలికలు పైకి తేలతాయి. మీద ఇంకో కోటింగ్ వేస్తే మళ్లీ అవే గీతల్లో పగులుతుంది. దయచేసి ఎవరూ తొందరపడి రోలర్ పట్టొద్దు.

డెకరేషన్ టీమ్:
అన్నా, బంతిపూల దండలు వేలాడదీసి కప్పేస్తే కుదరదా? టైమ్ లేదని టెన్షన్‌గా ఉంది.

స్టేజీ టీమ్:
లేదక్కా. పిల్లలు ఆ గోడకు ఆనుకునే నిలబడతారు, పట్టులంగాల నిండా పెచ్చులే అంటుకుంటాయి. పని మరీ ఎక్కువేం కాదు. లేచిన రంగంతా స్క్రేపర్‌తో గీకేసి, 80 నంబరు ఉప్పుకాగితం, తర్వాత 120 పట్టాలి. మాస్కులు తప్పనిసరి. పెద్ద గుంటలకే లప్పం పెడదాం. సన్న పగుళ్లలో లప్పం నిలవదు, చెక్క కదలగానే అదీ చీలుతుంది. వాటి మీద పల్చటి కాటన్ గుడ్డ, పాత పంచె అయినా సరే, నీళ్లు కలిపిన ఫెవికాల్ లాంటి తెల్ల జిగురుతో బుడగల్లేకుండా అతికించాలి. ఆరాక ప్రైమర్, ఆపైన అక్రిలిక్ రంగు. ఎనామిల్ (ఆయిల్ పెయింట్) వద్దు, పాతబడేకొద్దీ పెళుసెక్కుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం అంచులు. తేమ ఎక్కువగా పీల్చేది అవే. అంచులకు రెండుసార్లు, వెనకవైపు కనీసం ఒకసారి ప్రైమర్ పడాలి. వెనక వదిలేస్తే ప్యానెల్ వంగిపోతుంది.

డెకరేషన్ టీమ్:
పంచెలు నేను తెస్తా. హాల్లో గుడ్డకు ఫైర్ రూల్ ఉంటుందేమో?

స్టేజీ టీమ్:
మంచి మాట గుర్తుచేశారు. అతికించకముందే హాలు వాళ్లను అడగండి, మంటను ఆపే ద్రావణం పట్టించమంటే అప్పుడే చేసేద్దాం.

గోపురం పైభాగం మాత్రం కొత్త షీటుతో చేయిద్దామని నా అభిప్రాయం. సైన్‌బోర్డులకు వాడే ఎండీఓ (మీడియం డెన్సిటీ ఓవర్‌లే) ప్లైవుడ్ తీసుకుందాం. దాని మీద రెసిన్ కాగితం అతికించి ఉంటుంది కాబట్టి చీలికలు పైకి రావు. ఖరీదెక్కువే అయినా ఏటా గీకే పని తప్పుతుంది.

ఇంకొకటి, గరాజ్‌లో రంగు వేయలేం. 50 ఫారన్‌హీట్ కంటే చల్లగా ఉంటే మామూలు అక్రిలిక్ సరిగ్గా పట్టదు. హీటింగ్ ఉన్న బేస్‌మెంట్ ఇవ్వగలిగినవాళ్లు ఇక్కడే చెప్పండి. తలుపు వెడల్పు కూడా కొలిచి రాయండి, ప్యానెళ్లు 4 అడుగులవి.