మార్పులు చేయించిన సివిక్: ఇలాగే అమ్మాలా, స్టాక్‌కి (కంపెనీ నుంచి వచ్చినట్టుగా) మార్చాలా?

ప్రశ్న:
నాది 2008 హోండా సివిక్ కారు, 1.8 పెట్రోల్, మాన్యువల్. అమ్ముదామనుకుంటున్నా. మొదటి ఓనర్ని నేనే. ఆయిల్ మార్చిన ప్రతిసారీ కిలోమీటర్లు రాసుకున్న డైరీ ఉంది (మా ఆవిడ దాన్ని కారు జాతకం అంటుంది). లోయరింగ్ స్ప్రింగులు (కారు ఎత్తు తగ్గించేవి), వేరే సైలెన్సర్ వేయించా. ఒరిజినల్‌వి అటక మీదున్నాయి. కొనడానికి వచ్చినవాళ్లు మోత వినగానే "రేసులకి తిప్పారా?" అంటున్నారు. ఏం చేయను?

జవాబు 1:
పాతవే బిగించెయ్యండి బాస్. తీసినవి విడిగా అమ్ముకోండి. వాటికి పోసిన డబ్బు కారు ధరలో తిరిగి రాదు.

జవాబు 2:
స్ప్రింగులు మార్చాక వీల్ అలైన్‌మెంట్ చేయించండి, లేకపోతే టైర్లు ఒకవైపే అరిగిపోతాయి. కొనేవాళ్లు వచ్చేసరికి ఇంజన్ వేడెక్కించి ఉంచొద్దు, అనుమానిస్తారు. చల్లగా ఉన్నప్పుడు వాళ్ల చేతే స్టార్ట్ చేయించండి. టైమింగ్ బెల్ట్ (ఇంజన్ వాల్వులను సమయానికి తిప్పే బెల్టు, కొన్నాళ్లకి మార్చాలి) సంగతి అడిగితే, దీనికి ఉన్నది చైన్ అని చెప్పండి.

అడిగినవారు:
సైలెన్సర్ మార్చేశా. ఇంత నిశ్శబ్దంగా ఉంటే ఇది నా కారేనా అనిపిస్తోంది. స్ప్రింగులు ఆదివారం.